పడక ప్రక్కన కూర్చొను విద్య: మానసిక ఆరోగ్య నర్సింగ్‌లోని సిద్ధాంతములు, చికిత్సలపై ఒక దైవశాస్త్ర విమర్శ

ఉపోద్ఘాతము

నర్సింగ్ చదివే కుమార్తెలు మన సంఘములలో తక్కువేమీ కాదు. జి.ఎన్.ఎం. అయినా బి.ఎస్సీ. నర్సింగ్ అయినా వారి పాఠ్యక్రమములో మానసిక ఆరోగ్య నర్సింగ్ తప్పనిసరి విషయము. ఆ పాఠ్యగ్రంథములలో మనస్తత్వ సిద్ధాంతములను, చికిత్సలను వివరించే అధ్యాయమొకటి ఉంటుంది. వారమంతా ఆ అధ్యాయమును వల్లె వేసిన యువతి ఆదివారము ఆరాధనకు వచ్చినప్పుడు అదే మానవుని గూర్చి, అదే దుఃఖమును గూర్చి వేరొక మాట వింటుంది. ఈ రెండు మాటలకు పొంతన కుదుర్చుకొనే పనిని మనము ఆమెకే వదిలివేశాము.

ఆ పనిలో కొంతైనా మన భుజములపై వేసుకొనవలెనన్నదే ఈ వ్యాసము ఉద్దేశ్యము. మా అభిప్రాయమును ముందుగానే చెప్పుచున్నాము. మానవుడు ఎవరు అనే ప్రశ్నకు ఈ సిద్ధాంతములు ఇచ్చే జవాబులు ఒకదానికొకటి పొసగవు. అయితే ఆ సిద్ధాంతములను రోగి పడక ప్రక్కకు తెచ్చిన నర్సింగ్ ఆచరణలో, మన సంఘములు చాలావరకు పోగొట్టుకొన్న ఒక క్రమశిక్షణ ఉన్నది. కనుక కాపరి ఈ సిద్ధాంతముల యెదుట విమర్శకునిగాను, ఈ ఆచరణ యెదుట విద్యార్థిగాను నిలువవలెను.

ఏ సిద్ధాంతమైనా ఒక స్థలములో నిలబడి పరీక్షింపబడవలెను. మేము ఎన్నుకొన్న స్థలము నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు. 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే ఈ పట్టణము చుట్టూ పసుపు, ఎర్రజొన్న పండుతాయి. బీడీలు చుట్టే స్త్రీలు, గల్ఫ్ దేశములకు వెళ్లిన పురుషులు, ధర కొరకు ఎదురు చూచే రైతులు, కల్లుకు అలవాటు పడిన కూలీలు ఇక్కడి సంఘముల బల్లలపై కూర్చొనేవారు. ఆ అధ్యాయము వీరికి ఏ మేరకు పనికివచ్చునో చూతము.

1. అధ్యాయము నేర్పునది, నేర్పక విడిచినది

అధ్యాయము సాధారణముగా ఫ్రాయిడ్‌తో మొదలగును. అచేతన మనస్సు, అంతరంగములోని సంఘర్షణ, ఆత్మరక్షణ తంత్రములు అక్కడ వివరింపబడును. తరువాత ఎరిక్ ఎరిక్సన్ 1950లో ప్రతిపాదించిన ఎనిమిది జీవిత దశలు వచ్చును. పావ్‌లోవ్, స్కిన్నర్‌ల ప్రవర్తనావాదము, ఆరన్ బెక్ ఆలోచనా చికిత్స, కార్ల్ రోజర్స్, మాస్లోల మానవతావాదము వరుసగా వచ్చును. చివర వ్యక్తిగత చికిత్స, సామూహిక చికిత్స, కుటుంబ చికిత్స, పరిసర చికిత్స అని పట్టిక ఉండును. విద్యార్థిని ఆ పట్టికను కంఠస్థము చేసి పరీక్ష వ్రాయును.

ఇక్కడ మా మొదటి అభ్యంతరము. ఫ్రాయిడ్ దృష్టిలో మానవుడు తనకే తెలియని కోరికలచేతను, బాల్య గతముచేతను నడపబడేవాడు. స్కిన్నర్ దృష్టిలో అతని ప్రవర్తనను మలచునది పరిసరములు ఇచ్చే ప్రతిఫలము. రోజర్స్ దృష్టిలో అతడు సరియైన ఆదరణ దొరికితే తనంతట తాను మంచివైపు ఎదుగగలవాడు. ఈ మూడు జవాబులు ఒకే మనిషిని గూర్చి ఒకేసారి పూర్తిగా నిజము కాజాలవు. పాఠ్యగ్రంథము ఈ మాట చెప్పదు. సమస్యను బట్టి సిద్ధాంతమును ఎన్నుకొమ్మని చెప్పి ఊరకుండును. వడ్రంగి ఉలిని, రంపమును సమయమునకు తగినట్లు వాడునట్లు వీటినీ వాడవచ్చునని కొందరు అందురు. ఉలి మాత్రము కర్ర అంటే ఏమిటో వడ్రంగికి బోధించదు. సిద్ధాంతము మనిషి అంటే ఏమిటో బోధించును. అదే తేడా.

రెండవ అభ్యంతరము చరిత్రకు సంబంధించినది. ఈ సిద్ధాంతకర్తలలో పలువురు విశ్వాసముతో వాదులాడినవారే. మతమును భ్రమగా వర్ణించిన ఫ్రాయిడ్ గ్రంథము 1927లో వెలువడినది. రోజర్స్ కట్టుదిట్టమైన ప్రొటెస్టెంటు కుటుంబములో పెరిగి, 1924లో న్యూయార్కులోని యూనియన్ వేదాంత కళాశాలలో చేరి, రెండేండ్ల తరువాత దానిని విడిచి మనస్తత్వశాస్త్రము వైపు వెళ్లెను. షరతులు లేని ఆదరణను గూర్చి ఆయన చెప్పిన దానిలో కృపా సిద్ధాంతపు ఛాయ కనబడుట మాకు ఆశ్చర్యము కలిగించదు. అయితే పాపమును గూర్చిన మాట లేనప్పుడు ఆదరణ దేనిని దాటి వచ్చి మనిషిని చేరినదో చెప్పుట కష్టము.

మన వైపు జరిగే తప్పు దీనికి తారుమారు. ఫ్రాయిడ్ నాస్తికుడు కనుక అధ్యాయమంతా త్రోసివేయదగినదని కొందరు సేవకులు అందురు. కాని తన తప్పును ఎదుటివానిపై మోపుట, కన్నులెదుట ఉన్నదానిని లేదనుట అనే ఆత్మరక్షణ తంత్రములను చూచుటకు ఆసుపత్రికి పోనవసరము లేదు. సంఘ కమిటీ సమావేశములో ఒక గంట కూర్చుంటే చాలును. ఆదాము హవ్వపైన, హవ్వ సర్పముపైన నెపము వేసిన ఆదికాండము 3వ అధ్యాయమును చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు.

మానవుడు దేవుని పోలికలో సృజింపబడినవాడు, పడిపోయినవాడు, విమోచింపబడుటకు పిలువబడినవాడు. ఈ మూడింటిని కలిపి పట్టుకొన్న దైవశాస్త్రము, ఒక్కొక్క సిద్ధాంతము ఒక్కొక్క పార్శ్వమును చూచినదని ఒప్పుకొనగలదు. ఏ ఒక్కటీ సంపూర్ణ మానవుని చూడలేదని కూడ చెప్పగలదు.

2. పెప్లా, ట్రావెల్బీ: నర్సింగ్ సొంత మాట

అధ్యాయములో తరచుగా నాలుగు వరుసలలో ముగించే భాగమే మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది. అది హిల్డెగార్డ్ పెప్లా భాగము. హ్యారీ స్టాక్ సల్లివాన్ ఆలోచనల ప్రభావము పొందిన ఈ అమెరికా నర్సు, నర్సింగ్‌లో వ్యక్తుల మధ్య సంబంధములను గూర్చిన తన గ్రంథమును 1952లో ప్రచురించెను. వైద్యుడు సహ రచయితగా లేకుండా ఒక నర్సు ఇట్టి గ్రంథము వ్రాయుట అప్పటికి మింగుడుపడని విషయము కనుక ప్రచురణ కొన్నేండ్లు ఆలస్యమైనది.

పెప్లా చెప్పిన సారాంశము ఇది. నర్సు మందులు అందించే చేయి మాత్రమే కాదు; రోగితో ఆమెకు ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగము. ఆ సంబంధమునకు దశలున్నవి. మొదట ఇద్దరూ అపరిచితులు. తరువాత రోగి తనకు సహాయము చేయగలవారెవరో గుర్తించును. ఆ సహాయమును తనకు తగినట్లు వినియోగించుకొనును. చివరకు ఆ సంబంధము నుండి విడిపడి తన కాళ్లపై నిలుచును. నర్సు విన్నదానిని వ్రాసికొనవలెను. తాను ఏమి అన్నదో, ఎందుకు అన్నదో తనను తాను ప్రశ్నించుకొనవలెను. తన భయము, తన విసుగు రోగిపై పడుచున్నవేమో పరీక్షించుకొనవలెను.

జాయిస్ ట్రావెల్బీ 1966లో మరియొక అడుగు వేసెను. విక్టర్ ఫ్రాంకల్ ఆలోచనలనుండి నేర్చుకొన్న ఆమె, నర్సుకు ఎదురుగా ఉన్నది 'రోగి' అనే ముద్ర కాదు, ఒక మనిషి అని పట్టుబట్టెను. శ్రమలో అర్థమును కనుగొనుటకు ఆ మనిషికి తోడ్పడుట నర్సు పని అని చెప్పెను. శ్రమకు అర్థమున్నదా అనే ప్రశ్న మన ప్రసంగ పీఠములకు చెందినదని మనము అనుకొంటిమి. ఒక నర్సు దానిని వార్డులోనికి తీసికొనిపోయినది.

ఇప్పుడు మన ఆచరణను దీని ప్రక్కన పెట్టి చూతము. కాపరి దర్శనమునకు వెళ్లును. కుశలమడుగును, ఒక వాక్యము చదువును, ప్రార్థించును, టీ త్రాగి లేచును. ఎదుటివారు ఏమి చెప్పిరో వ్రాసికొనువారు ఎందరు? మౌనమును ఓర్చుకొనగలవారు ఎందరు? యోబు స్నేహితులు ఏడు దినములు అతని యొద్ద నేలపై మాటలాడక కూర్చున్నంతవరకు మంచి కాపరులే (యోబు 2:13). నోరు తెరచిన తరువాతనే చెడిరి. క్రీస్తు శరీరధారియై మన మధ్య నివసించెనని ఒప్పుకొనే సంఘమునకు ప్రక్కన కూర్చొనుట సొంత విద్య కావలసినది. దానిని మనము భావముగా నిలుపుకొని అభ్యాసముగా విడిచితిమి. నర్సు దానిని అభ్యాసముగా నేర్చుకొన్నది.

3. మొదటి పరీక్ష: కల్లు మానిన మూడవ రాత్రి

ఆర్మూరు ప్రాంత సేవకులకు అపరిచితము కాని ఒక పరిస్థితిని ఊహించుకొందము. సంవత్సరముల తరబడి దుకాణపు కల్లు త్రాగిన ఒక కూలీ మారుమనస్సు పొంది, ఆ ఆదివారము నుండే కల్లు మానివేయును. సంఘము దేవుని స్తుతించును. మూడవ రాత్రి అతనికి చేతులు వణుకును, నిద్ర ఉండదు, లేని మనుష్యులు గోడమీద కనబడుదురు, పొంతన లేని మాటలు వచ్చును. భార్య పరుగున వచ్చును: "మా ఆయనకు గాలి సోకింది అయ్యగారూ, జల్ది రాండ్రి." పెద్దలు వచ్చి అతనిని పట్టుకొందురు. ఉపవాస ప్రార్థన మొదలగును. తెల్లవారుజామున మూర్ఛ వచ్చును.

ఇది అపవాదియొక్క ఎదురుదాడి అని మనము సాక్ష్యము చెప్పుకొనవచ్చును. అయితే ఈ జిల్లాలో జరిగినదానిని మరువరాదు. నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో కల్లులో డయాజిపాము, ఆల్ప్రాజోలాము, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తు మందులు కలిపి అమ్ముట చాలా కాలముగా ఉన్న దురాచారము. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీ కల్లుపై కఠిన చర్య తీసికొన్నప్పుడు, అకస్మాత్తుగా కల్లు దొరకక వందలాది మంది వణుకు, మూర్ఛ, వింత ప్రవర్తనలతో ఆసుపత్రులకు చేరిరి. వారందరికీ ఒకే వారములో దయ్యము పట్టలేదు. శరీరము అలవాటుపడిన మత్తు మందు హఠాత్తుగా ఆగినప్పుడు మెదడు చేసే తిరుగుబాటు అది. వైద్యము అందకపోతే ప్రాణము పోవచ్చును.

ఇట్టి మనిషి ప్రక్కన నర్సు ఏమి చేయును? చివరిసారి ఎప్పుడు త్రాగినాడని అడుగును. నాడి, జ్వరము చూచును. ఈ రోజు ఏ వారము, ఇది ఏ స్థలము అని అడిగి అతని తెలివిని పరీక్షించును. ఆందోళన స్వల్పము నుండి భయోత్పాతము వరకు నాలుగు మెట్లుగా పెరుగునని పెప్లా చెప్పినది ఇక్కడ అక్కరకు వచ్చును. పై మెట్టున ఉన్నవానికి బోధ ఎక్కదు. చిన్న మాటలు, మెల్లని స్వరము, తెలిసిన ఒక్క మనిషి, నిశ్శబ్దమైన గది కావలెను. పదిమంది చుట్టూ చేరి బిగ్గరగా గద్దించుట అతని భయమును పెంచును. ఈలోగా వైద్యుడు తగిన మందు ఇచ్చి, క్రమముగా తగ్గించి, అతనిని ఒడ్డుకు చేర్చును.

దురాత్మలు లేవని మేము చెప్పుటలేదు. మత్తయి 4:24ను జాగ్రత్తగా చదువుడని మాత్రము చెప్పుచున్నాము. దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని సువార్తికుడు వేరువేరుగా పేర్కొనెను. సువార్తికుడు చూపిన తేడాను మనము చెరిపివేయుట విశ్వాసమనిపించుకొనదు. కల్లు మానుమని బోధించే ప్రతి కాపరి, దానిని వైద్యుని పర్యవేక్షణలో మానుమని కూడ బోధించుటకు బద్ధుడు.

4. రెండవ పరీక్ష: పసుపు ధర, బెక్ చికిత్స

బెక్ సిద్ధాంతము ప్రకారము క్రుంగిన మనిషి తనను గూర్చి, లోకమును గూర్చి, భవిష్యత్తును గూర్చి వక్రముగా ఆలోచించును. ఆ ఆలోచనలను సాక్ష్యాధారములతో పరీక్షించి సరిదిద్దుట చికిత్స. నర్సింగ్ విద్యార్థులకు దీనినుండి చిన్న అభ్యాసములు నేర్పుదురు. ఇది ప్రయోజనకరమైన చికిత్స అనుటలో మాకు సందేహము లేదు.

అయితే ఆర్మూరు పసుపు రైతు దగ్గర దీనిని పరీక్షించుడి. జూనులో విత్తి, ఇంచుమించు తొమ్మిది నెలలు కాచి, త్రవ్వి, ఉడికించి, ఆరబెట్టి, మెరుగుపట్టి నిజామాబాదు యార్డుకు తెచ్చిన పంటకు పెట్టుబడి రానప్పుడు, "నా కష్టము వ్యర్థము" అని అతడు అనుట వక్రమైన ఆలోచనయా? 2019 ఫిబ్రవరిలో పసుపుకు క్వింటాలుకు 15,000 రూపాయల ధర కోరుచు రైతులు ఆర్మూరులో రహదారిపై బైఠాయించిరి. ఆ యేడు నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు పోటీచేసిన 185 మందిలో 178 మంది రైతులే. వారు లోకమును గూర్చి తప్పుగా ఆలోచించలేదు. లోకములోని తప్పును వ్రేలెత్తి చూపిరి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమై, దాని కేంద్రము నిజామాబాదులో ఏర్పడుటకు అట్టి పోరాటములు పూర్వరంగము.

కనుక రెండు సంగతులను వేరుచేయవలెను. "ధర పడిపోయినది, అప్పు తీరలేదు" అనునది వాస్తవము. "కాబట్టి నేను ఇంటివారికి భారము, నేను లేకుంటేనే వారికి మేలు" అనునది వాస్తవమునుండి మరణము వైపు దూకిన దూకుడు. బెక్ చికిత్స రెండవదానిని పట్టుకొనును. అక్కడ ఆలస్యము చేయరాదు. ఆత్మహత్య మాట నోట వచ్చినప్పుడు దానిని అవిశ్వాసమని గద్దించక, తిన్నగా అడుగవలెను, ఒంటరిగా విడువరాదు, పురుగుమందు డబ్బాను ఇంటినుండి తీయించవలెను, వైద్యుని యొద్దకు తోడుగా వెళ్లవలెను. మొదటిదానిని గూర్చి మాత్రము పాఠ్యగ్రంథమునకు చెప్పుటకు మాట లేదు. అక్కడ ఆమోసు మాటలాడును. దొంగ త్రాసులను గూర్చి, బీదలను అణచే వర్తకమును గూర్చి అతడు పలికినది (ఆమోసు 8) రోగి మనస్సును సరిదిద్దుటకు కాదు, బజారును సరిదిద్దుటకు. కొన్ని దుఃఖములు నిజమైన దుఃఖములు. వాటికి చికిత్సతో పాటు న్యాయము కావలెను, విలాప కీర్తనలు కావలెను.

ఏలీయాను చూడుడి. బదరీవృక్షము క్రింద చావు కోరిన ప్రవక్తను దేవుడు మొదట గద్దించలేదు. నిద్ర, రొట్టె, నీళ్లు, దూత స్పర్శ, మరల నిద్ర. ప్రశ్న ఆ తరువాత వచ్చినది. తానొక్కడనే మిగిలితినన్న అతని ఆలోచనకు జవాబుగా ఏడువేల మంది ఉన్నారన్న వాస్తవము చివర వచ్చినది (1 రాజులు 19). శరీరము, సహవాసము, ఆలోచన అనే ఈ వరుసను చక్కని నర్సు ఎవరైనా ఆమోదించును. మనలో పలువురము చివరిదానితో మొదలుపెట్టుదుము.

5. విడిచిపెట్టుట, ఇంటికి పంపుట

కుటుంబ చికిత్సను బోధించే పేజీలు ఒకే గదిలో కూర్చున్న కుటుంబమును ఊహించుకొనును. ఆర్మూరులో తండ్రి దుబాయిలో, తల్లి బీడీల చాటతో, పిల్లలు తాతమ్మల దగ్గర ఉండవచ్చును. అట్టిచోట కుటుంబమును పిలుచుట అనగా ఎవరిని పిలుచుట? ఇక్కడ మన దేశపు క్రైస్తవ వైద్యము చూపిన దారి స్మరణీయము. స్టాన్లీ జోన్స్ 1950లో లక్నోలో నూర్ మంజిల్ మానసిక చికిత్సా కేంద్రమును స్థాపించెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య కేంద్రములో కుటుంబ సభ్యులు రోగితో పాటు ఉండి సేవ నేర్చుకొనే పద్ధతి పాదుకొన్నది. మన జిల్లాలోనే కెర్ దంపతులు 1915లో డిచ్‌పల్లిలో తెరచిన ఆసుపత్రి, ఊరు వెలివేసిన కుష్ఠురోగులను చేర్చుకొన్నది. వెలివేయబడినవారి ప్రక్కన కూర్చొనుట ఈ నేలమీది సంఘమునకు క్రొత్త కాదు.

అయితే ఒక విషయములో నర్సింగ్ సిద్ధాంతమునకు హద్దు ఉన్నది. పెప్లా చెప్పిన చివరి దశ విడిపోవుట. నర్సు వెళ్లిపోవును, వెళ్లవలెను కూడ. ఆ తరువాత ఎవరు? స్కిజోఫ్రీనియా రోగి నిరంతర విమర్శ, ద్వేషము ఉన్న ఇంటికి తిరిగి పోయినప్పుడు జబ్బు తిరగబెట్టుట ఎక్కువని ఇంగ్లాండులో 1970లలో జరిగిన అధ్యయనములు చూపినవి. ఇంటిని గూర్చి చెప్పినది సంఘమును గూర్చియు ఆలోచింపదగినది. "విశ్వాసము లేకనే నీకు తగ్గలేదు" అని ప్రతివారము వినిపించే సంఘము రోగమునకు ఎరువు వేయుచున్నది. మందులు మానితేనే విశ్వాసమని చెప్పే సంఘము అంతకంటె ప్రమాదకరము.

గెరాసేనుల దేశస్థుని కథ (మార్కు 5) ఈ సందర్భములో మనకు అద్దము. ఆ ఊరివారికి తెలిసిన చికిత్స సంకెళ్లు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత కొరకు తెచ్చి గొలుసులతో కట్టివేసిన 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదములో మరణించిరి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2017 రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. ప్రార్థనా స్థలమైనంత మాత్రమున ఆ నిషేధము మనకు వర్తించకపోదు. యేసు ఆ మనిషిని బాగుచేసిన తరువాత అతడు ఆయనతో ఉండగోరెను. ఆయన ఒప్పుకొనక, నీ ఇంటివారియొద్దకు వెళ్లుమని పంపెను. పెప్లా చివరి దశకు ఇంతకంటె చక్కని ఉదాహరణ మాకు తెలియదు. స్వస్థపరచినవారు స్వస్థపడినవానిని తమ కూటముల సాక్ష్యముగా పట్టియుంచుకొనరాదు. అతనిని తనవారికి తిరిగి ఇవ్వవలెను. ఆ తనవారిని సిద్ధపరచుట సంఘము పని.

ముగింపు

ఆంటన్ బాయ్‌సెన్ అనే అమెరికా సేవకుడు 1920లో తానే మానసిక రోగియై ఆసుపత్రి పాలయ్యెను. కోలుకొని, 1925 నుండి వేదాంత విద్యార్థులను ఆసుపత్రికి తెచ్చి, గ్రంథములను చదివినంత శ్రద్ధగా బాధపడే మనుష్యులను చదువుటకు నేర్పెను. మన వేదాంత కళాశాలల్లో కాపరి ఆదరణ పాఠము తరగతి గదిలోనే ముగియుట ఇకనైనా మానవలెను. ప్రతి విద్యార్థి కొన్ని వారములైనా మనోరోగ విభాగములో ఒక నర్సు క్రింద కూర్చొని నేర్చుకొనుట అవసరమని మా మనవి.

అంతవరకు ఏ కాపరియైనా ఈ వారమే చేయగలిగినవి కొన్ని ఉన్నవి. దర్శనమునకు ఒక నోటు పుస్తకము ఉంచి, విన్నది ఇంటికి వచ్చి వ్రాసికొని, దానిని గుట్టుగా భద్రపరచుట. రోగి మందులు మానకుండ చూచుట. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416ను సంఘ ప్రకటనల బోర్డుపై వ్రాయుట. నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లవలసిన కుటుంబమునకు బస్సులో తోడుగా కూర్చొనుట. సంఘములోని నర్సింగ్ విద్యార్థినిని పిలిచి, నీవు చదివినది మాకు చెప్పుమని అడుగుట కూడ వీటిలో చేర్చుచున్నాము. ఆమెను అడుగుటకు మనము సిగ్గుపడనక్కరలేదు. గాలి సోకినదని ఆ స్త్రీ అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు, మన కంటె ముందు నాడి పట్టి చూడగలిగినది ఆ యువతియే.